కొండ రోడ్డు ప్లేటు, కింద పెట్టిన గావా

కరోనా ఆంక్షలు సడలిన మరుసటి ఏడాది, చలికాలం మొదట్లో, నన్ను మళ్లీ సౌదీ కొండల్లోని పాత అఖబా రోడ్డు మీదికే వేశారు. హోదా సీనియర్ రెసిడెంట్ ఇంజనీరు, విభాగం రోడ్డు నిర్వహణ. 'మళ్లీ' అని ఎందుకంటున్నానంటే అంతకు ముందు పదకొండేళ్లూ నేను కాపలా కాసింది ఆ రోడ్డునే. మధ్యలో కొన్నాళ్లు నజ్రాన్ వైపు హైవేకి మార్చారు. అక్కడ పొద్దున తీసిన ఇసుక సాయంత్రానికి మళ్లీ రోడ్డు మీదే ఉండేది. ఆ పనికి ఇంజనీరెందుకు, చీపురు చాలునని నేను ప్రతి మీటింగులోనూ సణుగుతుంటే, నా పోరు పడలేక వెనక్కి పంపించారు.

సౌదీ అనగానే మనవాళ్లకు ఇసుకే కళ్ల ముందు మెదులుతుంది. పడమటి అంచున సరావత్ అనే పర్వతాల వరుస ఉందనీ, పైన చలికాలంలో స్వెట్టరు లేకపోతే పళ్లు టకటక కొట్టుకుంటాయనీ చెబితే తణుకులో మా బంధువులు ఇప్పటికీ నన్ను కోతల రాయుడనే అనుకుంటారు. ఆ కొండల మీది ఊళ్ల నుంచి ఎర్ర సముద్రం వైపు మైదానానికి దిగే ఘాట్ రోడ్డును అక్కడ అఖబా అంటారు. మాది బాగా పాతది, ఇరుకైనది. అందంలో మాత్రం దాన్ని తలదన్నేది ఆ చుట్టుపక్కల లేదు. మలుపు తిరిగితే లోయ, లోయ దాటితే మెట్ల పొలాలు, పొలాల గట్ల మీద మనల్ని పన్ను వసూలుకు వచ్చినవాళ్లలా చూసే బబూన్ కోతులు.

ఇలాంటి రోడ్డుకు అసలు శత్రువు పైనుంచి వస్తుంది. వాన పడిన ప్రతిసారీ కొండ చరియల్లో రాళ్లు వదులవుతాయి. అవి తమంతట తాము పడకముందే ట్రాఫిక్ ఆపి, మనుషులు తాళ్లకు వేలాడుతూ గడ్డపారలతో కిందికి దొర్లించేస్తారు. దీన్ని మా భాషలో స్కేలింగ్ అంటారు. తర్వాత ఆ చరియకు ఇనుప వల కప్పి బోల్టులు బిగిస్తారు. ఈ పని చేసే ముఠాకు ఫోర్‌మన్ మల్లేశం, జగిత్యాల వాడు. తాడు మీద వేలాడుతూ బీడీ ముట్టించుకోగల ఘనుడు. సేఫ్టీ ఆఫీసరు రిపోర్టులో మాత్రం ఆ ముఠాలో బీడీ తాగేవాడే లేడు.

నేను తిరిగి వచ్చేసరికి రోడ్డు మెడ మీద కత్తి వేలాడుతోంది. కొండను తొలిచి సొరంగాలతో కొత్త రహదారి వేశారు. లారీలూ బస్సులూ అటు మళ్లాయి. ట్రాఫిక్ లేని రోడ్డుకు బడ్జెట్లో పద్దు ఉండదు. పద్దు లేకపోతే నిర్వహణ ఉండదు. నిర్వహణ లేని ఘాట్ రోడ్డును తెరిచి ఉంచడం నేరం. కాబట్టి చలికాలం వెళ్లేలోగా రెండు చివర్లా గేట్లు బిగించి మూసెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. గేట్ల డిజైను గీసే పని కూడా నాకే ఇచ్చారు. చెప్పకేం, ఆ డ్రాయింగును నేను కావాలనే నత్త నడక నడిపించాను.

మల్లేశం బాధ ఇంకోటి. "రోడ్డు మూస్తే మా ముఠాను ఏడికి పంపుతరో తెల్వది సారు. ఏడ పని లేదంటే ఎగ్జిట్ కొడ్తరు. పోరి పెండ్లి ఎండకాలం పెట్టుకున్న. ఇప్పుడు వాపస్ పోతె ఎట్ల?" అన్నాడు ఒకరోజు. ఎగ్జిట్ కొట్టడమంటే వీసా ముగించి ఇంటికి పంపేయడం. వాడి ముందు నేనేదో ధైర్యం చెప్పాను గానీ, నాకే నమ్మకం లేదు.

అప్పుడు దిగాడు డాక్టర్ సుల్తాన్. జెద్దాలో పళ్ల డాక్టరు, నలభై దాటిన మనిషి. వారమంతా ఊడిన పళ్లు చూసి, శుక్రవారం తెల్లారేసరికి ఎర్రటి పెద్ద మోటారు సైకిలు మీద మా కొండెక్కేవాడు. వెనకాల అతని క్లబ్బు. అందులో బ్యాంకు మేనేజర్లు, పైలట్లు, ఒక లాయరమ్మ, జెద్దాలోనే షరఫియా పేటలో టిఫిన్ హోటలు నడిపే మన హైదరాబాదీ ఒకాయన కూడా ఉండేవారు. రోడ్డు మూస్తారని తెలియగానే సుల్తాన్ నా సైటాఫీసుకు వచ్చి హెల్మెట్ బల్ల మీద పెట్టి, మూయకుండా ఉండాలంటే ఏం కావాలని అడిగాడు. పద్దు కావాలన్నాను. ఆలోచించి, పద్దు మేమే పుట్టిస్తామన్నాడు.

అతని ఉపాయం నంబరు ప్లేటు. అక్కడ బండి నంబరు ప్లేటుకు ఒక పక్క ఏదైనా ప్రసిద్ధ స్థలం బొమ్మ వేయించుకునే వెసులుబాటు ఉంది. మామూలు రుసుము కంటే ఎక్కువ కట్టాలి. మన రోడ్డు బొమ్మతో ఒక ప్లేటు వస్తే, ఆ ఎక్కువలో కొంత వాటా రోడ్డు నిర్వహణకే వచ్చేలా చేయాలన్నది ఆలోచన. జిల్లా కార్యాలయం వారు విని, ముచ్చటగా ఉందన్నారు. పద్ధతి ఇలా చెప్పారు: ముందుగా ప్లేటు తీసుకుంటామని తగినంతమంది పేర్లివ్వాలి, బొమ్మ నమూనా ఆమోదం పొందాలి, రోడ్డు ఎవరి నేలల మీదుగా పోతుందో ఆ ఊరి పెద్ద అభ్యంతరం లేదని రాసివ్వాలి. దీన్నే ఎన్‌వోసీ అంటాం. ఈ మూడూ అయితే గేట్ల ఉత్తర్వు ఆపుతామన్నారు.

పేర్లు కుప్పతెప్పలుగా వచ్చాయి. బొమ్మ దగ్గర కాస్త నవ్వులపాలయ్యాం. కారు ప్లేటు పొడుగ్గా ఉంటుంది, బైకు ప్లేటు చిన్నది. మా రోడ్డు మలుపులన్నీ అంత చిన్న చోట ఇరికిస్తే అచ్చం జంతికలా వచ్చింది. మల్లేశం చూసి, "గిది రోడ్డా సారు, సకినమా?" అన్నాడు. ఆఖరికి మలుపులు తగ్గించి, వెనకాల ఒక శిఖరం పెట్టి సరిదిద్దారు.

మూడోది మాత్రం కొరుకుడు పడలేదు. ఊరి పెద్ద షేక్ అబూ సాలిహ్ సంతకం పెట్టనన్నాడు.

ఆయనకు డెబ్బై దాటి ఉంటుంది. ఊరికి పెద్ద, వృత్తికి తేనెటీగల పెంపకందారు. ఆ కొండల్లో తేనెపట్టు పెట్టెల్ని చలికాలం కింది మైదానానికి, ఎండాకాలం పైకి లారీల్లో తిప్పుతారు. ఎక్కించే ముందు పెట్టెలన్నీ పాత రోడ్డు పక్కన ఒక చదును మీద వరసగా పేరుస్తారు. అంతకు ముందు సీజనులో బైకుల మీద వచ్చినవాళ్లు ఇద్దరు అక్కడ ఆగి, ఇంజన్లు గుర్రుమంటుండగానే ఫొటోలు తీసుకోబోయారు. తేనెటీగలు లేచాయి. ఆ కంగారులో ఒక బండి తగిలి రెండు పెట్టెలు బోర్లాపడ్డాయి. వీళ్లు వెనక్కి చూడకుండా ఉడాయించారు. సంగతి తెలిసి క్లబ్బు వారు ఏం చేశారంటే, గ్రామానికి తమ గౌరవాన్ని తెలుపుతూ గాజు షీల్డు ఒకటి కొరియర్లో పంపారు. షేక్ దాన్ని మేకల దొడ్డి తలుపుకు అడ్డంగా పెట్టుకున్నాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా బాగా పనికొచ్చిందని, ఒకసారి రోడ్డు మీద కనిపించినప్పుడు నాతోనే చెప్పాడు.

"మీ మాటంటే ఆయనకు గురి, మీరు అడగండి" అన్నాడు సుల్తాన్. గురి ఉన్న మాట నిజమే. వరదలకు రోడ్డు తెగినప్పుడల్లా ఆ ఊరికి దారి తెరిచింది మా ముఠా. ఎన్నోసార్లు ఆయన మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, కూర్చుని ఖర్జూరాలు తిని గావా తాగినవాణ్ణి. గావా అంటే యాలకులు దంచి వేసిన అరబ్బుల కాఫీ. పాలుండవు, పంచదారుండదు, రంగు కూడా కాఫీది కాదు. పిడి లేని చిన్న కప్పులో అడుగున కొంచెం పోసిస్తారు. తాగి కప్పును అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. నాకు తెలిసిన మర్యాద అంతవరకే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత వెళ్లాం. నేను, నా జీపు తోలుతూ మల్లేశం, తన బండి మీద సుల్తాన్. సుల్తాన్ సంచిలో ట్యాబ్, అందులో రంగురంగుల పటాలు, పర్యాటకం వల్ల గ్రామాలకు లాభాలు. షేక్ నన్ను కావలించుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సుల్తాన్ వైపు ఒకసారి చూసి తలూపాడు. ఊరివాళ్లు అయిదారుగురు గోడ వెంబడి కూర్చున్నారు. గావా వచ్చింది. నేను కప్పు అందుకుని, తాగకుండా ముందు తివాచీ మీద పెట్టాను.

ఇక్కడ కాశీ సంగతి చెప్పాలి. అంతకు ముందు సెలవులో మా ఆవిడ సుభద్ర నన్ను కాశీ తీసుకెళ్లింది. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి కదా. మనవాళ్ల తెలివి తెలిసిందే, కాకరకాయ వదిలేసినవాళ్లే ఎక్కువ. మా బావమరిది జన్మలో నోట పెట్టని పొట్లకాయను వదిలి పుణ్యం మూటగట్టుకున్నాడు. వాణ్ణి వెక్కిరించిన పాపానికి, గంగలో మూడు మునకలు వేసి లేస్తూ నేను "కాఫీ" అనేశాను. నోరు జారింది. జారినా గంగలో జారింది. మా ఆవిడ పక్కనే సాక్షిగా నిలబడి ఉంది. అప్పటినుంచి కాఫీ వాసన వస్తే ప్రాణం గిలగిల్లాడుతుంది గానీ ముట్టలేదు. గావా ముందు కూర్చోవడం ఆ తర్వాత అదే మొదలు.

కప్పు కింద పెట్టగానే గదిలో మాటలు ఆగిపోయాయి. గావా పోసే మనిషి కూజాతో అలాగే నిలబడ్డాడు. షేక్ కప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు. సుల్తాన్ ముఖం వెలిగిపోయింది. నా చెవి దగ్గరికి వంగి ఇంగ్లీషులో గుసగుసగా, అద్భుతం ఇంజనీర్, ఈ పాత పద్ధతి మీకెలా తెలుసు అన్నాడు. ఏ పద్ధతి అన్నాను. అప్పుడు చెప్పాడు. అతిథి గావా తాగకుండా కింద పెడితే ఈ ఇంటి నుంచి తనకు ఒక పెద్ద కోరిక తీరాల్సి ఉందని అర్థమట. కోరిక తీరుస్తానని మాట ఇచ్చేదాకా అతను తాగడు. అతిథి తాగకుండా లేచి వెళ్లిపోతే ఆ ఇంటికి తలవంపులు. పట్నాల్లో ఎప్పుడో పోయిన ఆచారం, తనూ తాత నోట వినడమే తప్ప చూడలేదన్నాడు.

నేను నోరు తెరిచేలోగానే షేక్ అన్నాడు, "నీ గావా తాగు ఇంజనీరూ. నువ్వు దేనికోసం వచ్చావో అది అయిపోయినట్టే."

అంతే. నెలల తరబడి ఆగిన ఎన్‌వోసీ ఒక్క వాక్యంలో తేలిపోయింది. నేను చేయాల్సిందల్లా రెండు గుక్కలు మింగడం. తలుపు దగ్గర కూర్చున్న మల్లేశం ఇక ఆగలేకపోయాడు. కాశీ కథ వాడికి తెలుసు. "తాగుండ్రి సారు! కాశీల ఇడిసింది మన కాఫీ. గిది గావా. దీన్లె పాలున్నయా, చక్కెరున్నదా? దేవుడు గంతగనం జూడడు" అన్నాడు. వాదన బాగానే ఉంది. అక్కడున్నవాళ్లలో మరెవరికీ తెలుగు రాదు, తణుకుకు కబురు పోయే వీలూ లేదు. ఎండాకాలంలో జరగాల్సిన పెళ్లి మల్లేశం కళ్లలో కనిపిస్తూనే ఉంది. నా పదకొండేళ్ల రోడ్డు తివాచీ మీద ఆవిర్లు కక్కుతోంది. చేయి కప్పు దాకా వెళ్లింది కూడా.

కానీ షేక్ ముఖం చూశాను. సంతోషంగా ఇచ్చిన మాట కాదది. ఇష్టం లేని పనికి, ఇంటి పరువు కోసం, తన మనుషుల ముందు కట్టుబడిన ముసలాయన ముఖం. నా పొరపాటుతో ఆయన్ని మూలకు నెట్టేశాను. నాకు సిగ్గేసింది. ఈ రకంగా వచ్చిన సంతకంతో ఆ రోడ్డు మీద మళ్లీ తిరగాలంటే నాకు చేతకాదనిపించింది.

కప్పు వదిలేశాను. నాకొచ్చిన అరబ్బీ సైటు అరబ్బీ, దానికి భూత భవిష్యత్ కాలాలు ఉండవు. ఉన్నంతలో చెప్పాను. మా దేశంలో పెద్ద పుణ్యక్షేత్రం, నది, నేను నీళ్లలో, దేవుడికి మాట, ఇక కాఫీ లేదు, ఖలాస్. కప్పు కింద పెట్టింది అందుకే. మీ పద్ధతి నాకు తెలియదు. మీరిచ్చిన మాట మీరు వెనక్కి తీసుకోండి.

సుల్తాన్ తల పట్టుకున్నాడు. మల్లేశం "అయిపాయె" అని పైకే అన్నాడు. మల్లేశం మాటతో నేను ఎన్నడూ అంతగా ఏకీభవించలేదు.

షేక్ గడ్డం నిమురుకున్నాడు. మొక్కు మొక్కినవాడు నిలబెట్టుకోవాల్సిందే అంటూ, నాకు పాలు తెమ్మని లోపలికి కేకేశాడు. తర్వాత, "అయితే నీకు కోరిక లేదా?" అని అడిగాడు. ఉంది, రోడ్డు గురించే, కానీ కప్పుతో అడగలేదన్నాను. "రోడ్డు నీదా?" అన్నాడు. నేను దాన్ని బాగుచేసేవాణ్ణి మాత్రమే అన్నాను.

అప్పుడాయన నా ముందున్న కప్పు తీసి, అందులో గావా పారబోయించి, కొత్తగా పోయించి, సుల్తాన్ చేతికి ఇచ్చాడు.

సుల్తాన్ ట్యాబ్ సంచిలోంచి సగం బయటికి తీసి ఉన్నాడు. దాన్ని మళ్లీ లోపలికి తోసేశాడు. కప్పును నెమ్మదిగా తన ముందు తివాచీ మీద పెట్టాడు. తర్వాత అతను మాట్లాడింది పర్యాటకం గురించి కాదు. వాళ్ల నాన్న ఆ రోడ్డు మీద దానిమ్మ పళ్ల లారీ నడిపేవాడట. సెలవుల్లో తను పక్క సీట్లో కూర్చుని మలుపు మలుపుకూ వాంతి చేసుకుంటూ జెద్దా దిగేవాడట. నాన్న పోయాక ఆయన జ్ఞాపకంగా మిగిలింది ఆ రోడ్డొక్కటేనట. ఇన్ని నెలలుగా నాకు పరిచయమైన మనిషి ఈ ముక్క నాతో ఎప్పుడూ అనలేదు.

షేక్ అంతా విని, తన షరతులు చెప్పాడు. చదును దగ్గర పెట్టెలు ఉన్నన్నాళ్లూ అక్కడ ఎవరూ ఆగకూడదు. ఆ మేర చప్పుడు చేయకుండా, నిదానంగా పోవాలి. పెట్టెలు పడేసి పారిపోయిన ఇద్దరూ తన ఎదుటికి వచ్చి కూర్చోవాలి.

సుల్తాన్ తల దించుకుని, "ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే" అన్నాడు.

"తెలుసు. ఆ ఎర్ర బండి ఇప్పుడు నా వాకిట్లోనే ఉందిగా," అన్నాడు షేక్. "ఏడాది నుంచి చూస్తున్నాను, ఎప్పుడు వస్తావా అని. కాగితం వచ్చింది, గాజు ముక్క వచ్చింది, ఇంజనీరు వచ్చాడు. నువ్వు రాలేదు." ఆ తర్వాత కప్పు వైపు చూపించి, "ఇక తాగు, చల్లారిపోతుంది" అన్నాడు. సుల్తాన్ తాగాడు. గోడ వెంబడి కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా మాటల్లో పడ్డారు. మల్లేశం కళ్లు తుడుచుకుంటూ, యాలకుల ఘాటు అని నాకు బుకాయించాడు.

రెండోవాణ్ణి కూడా సుల్తాన్ తీసుకొచ్చి షేక్ ఎదుట కూర్చోబెట్టాక, ఎన్‌వోసీ ఆ వారంలోనే వచ్చింది. గేట్ల ఉత్తర్వు ఆగింది. ప్లేట్లు తయారయ్యాక క్లబ్బు వాళ్లంతా వాటితో పైకి వచ్చారు. చదును దగ్గర పెట్టెలు వరసగా ఉన్నాయి. అంత పెద్ద బండ్లూ పెళ్లికూతురు నడిచినట్టు ఒకదాని వెనక ఒకటి మెల్లగా సాగిపోయాయి. మల్లేశం ముఠా ఆ రోడ్డు మీదే ఉంది, వాడి కూతురి పెళ్లి కూడా అనుకున్నట్టే అయింది. మా ఆవిడకు ఫోనులో అంతా చెబితే, తాగి ఉంటే ఏమయ్యేదని అడిగింది. రోడ్డు నిలిచేది, సుల్తాన్ మాత్రం ఆ ఊరి వాకిలి తొక్కేవాడు కాదు, వచ్చే సీజనుకు గొడవ మళ్లీ మొదటికొచ్చేది అన్నాను. "అది కాదండీ, మీకేమయ్యేదని" అంది.

ఆ రోజుల్లో మా వృత్తిలో ఎన్‌వోసీ తేవడమంటే పరపతి ఉన్న ఇంజనీరు వెళ్లి తెచ్చే కాగితమనే లెక్క. ఎవరికి అవసరమో వాళ్లు ఆఫీసులో కూర్చుంటారు, మేం వెళ్లి వాళ్ల బదులు నవ్వి, వాళ్ల బదులు గావా తాగి వస్తాం. నేనూ సర్వీసంతా అదే చేశాను, బాగా చేస్తానని పేరు కూడా ఉండేది. ఆ శుక్రవారం తర్వాత మానేశాను. ఎవరైనా వచ్చి ఫలానా ఊరి పెద్ద దగ్గర మా పని చేసిపెట్టండి అంటే దారి చూపించాను, పక్కన కూర్చున్నాను, రోడ్డు గురించి ఏం అడిగినా చెప్పాను. అడగడం మాత్రం వాళ్లనే అడగమన్నాను. కొందరు అడగలేక లేచి వచ్చేశారు. అలాంటి పనులు ఆగిపోయాయి. ఆగాల్సినవే అని ఇప్పటికీ అనుకుంటాను.